ప్లగ్గు పీకిన ఆర్గన్

అన్నయ్యా,

యావన్మంది విశ్వాసులకు తెలియజేయునది ఏమనగా, చర్చిలో నీ ఆర్గన్ మీది ప్లాస్టిక్ పూలు ల్యాప్‌టాప్ పక్కకి మారాయి.

నీ ఆర్గన్ స్వరమంతా రికార్డు చేసి ఇప్పుడు అందులోకి ఎక్కించారు, కరెంటు గురగురతో సహా. ఆ గురగుర ఎంత వినపడాలో తిప్పుకోవడానికి కూడా తెర మీద ఒక మీట ఉంది. పాస్టరుగారమ్మాయి దాన్ని సున్నాకి తిప్పి, "సునో అంకుల్, ఎంత క్లీన్‌గా ఉందో వినండి!" అంది.

పాట అయ్యాక నువ్వు ఆర్గన్ మీదికి ఒరిగిపోయిన ఆదివారం, నీ ఊపిరి ఆగినా ఆ గురగుర ఆగలేదు. నేనే వెళ్లి ప్లగ్గు పీకాను.

నిన్న ఘాజియాబాద్ నుంచి పాత సామాన్లు కొనే కబాడీ భయ్యా ఆర్గన్ కోసం వస్తే మళ్లీ నేనే పీకాను. ఈసారి గురగుర ఆగలేదు. భయ్యా చెయ్యి వెనక్కి లాక్కుని, "అరే బాప్‌రే!" అంటూ, లోపల ఎవరో ఉన్నారని పారిపోయాడు.

అబద్ధం అన్నయ్యా. పీకగానే ఆగిపోయింది. భయ్యా దాన్ని టెంపోలో ఎక్కించుకుపోయాడు. మిగతాదంతా నిజం. ఆ ఆదివారం నువ్వు నన్ను ఆటపట్టిస్తున్నావనుకుని, ప్లగ్గు పీకేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.