బాబాయి దించిన బోర్డు

అమ్మా,

నూజివీడులో అందరం కులాసా. ఫోన్లో పాండురంగారావు బాబాయి పేరెత్తితే పెట్టేస్తావు, అందుకే ఈ కార్డు. చివరిదాకా చదువు.

నేనూ మా తోటికోడలు మేఘనా మామిడి తాండ్ర వ్యాపారం రిజిస్టరు చేయిద్దామని, శుక్రవారం తాంబూలంతో సహా ఆడిటరు గారి దగ్గరికి వెళ్లాం. పార్ట్‌నర్‌షిప్ చాలనుకున్నాం. ఆయన కాగితం తీసి, "మీలో ఒకరు పోతే ఏం చేద్దామండీ?" అన్నారు. మాకు తోడొచ్చిన మా అత్తయ్య "శుభమా అని వస్తే అవేం మాటలండీ!" అంటూ పళ్లెంతో సహా బయటికి వెళ్లిపోయారు. ఆయన నొచ్చుకోలేదు. "ఇద్దరే ఉన్న పార్ట్‌నర్‌షిప్ ఒకరు పోతే అక్కడితో రద్దండీ. మిగిలినవాళ్లు వద్దన్నా ఆగదు. ఎల్‌ఎల్‌పీ అనే పద్ధతిలో అయితే ఇంకొకర్ని చేర్చుకుని నడుపుకోవచ్చు" అన్నారు. మేం దానికే సంతకాలు చేశాం.

నాన్న పోయిన నెలకే బాబాయి మామిడి మండీ బోర్డు దించేశాడని పన్నెండేళ్లుగా ఆయన గడప తొక్కలేదు నువ్వు. ఆ మండీలో కూడా పార్ట్‌నర్లు నాన్నా బాబాయీ ఇద్దరే కదమ్మా.

ఆవకాయకి కాయ కొట్టించావా? మోకాలికి నూనె రాస్తున్నావా? అటకమీది తాటాకు చాపలు నాలుగు విస్సన్నపేట బస్సులో వేయించు, తాండ్ర ఆరబెట్టడానికి చాలడం లేదు. మొదటి వాయి దిగగానే రెండు పెట్టెలు పంపుతాను. ఒకటి నీకు. రెండోది ఎవరి చేతా పంపకుండా నువ్వే వెళ్లి బాబాయికి ఇవ్వు. మాకు మీ ఇద్దరి దీవెనా కావాలి.

నీ కల్యాణి