రత్నమ్మ మెడ మీద వాన

జమ్మలమడుగు,
ఆగస్టు 1957

చిరంజీవి మక్బూల్‌కు, నీకు అక్షరాలు దిద్దించిన దేవదానం అయ్యవారు ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు కృపవల్ల ఇక్కడ క్షేమం.

మొన్న నీ షెడ్డులో కారు వదిలి బస్సెక్కాను. నువ్వు లేనందున జబ్బేమిటో చెప్పలేకపోయాను. ఆస్పత్రి దొరగారు ఇంగ్లండుకు తిరిగి పోతూ నాకిచ్చిన కారు అది. ఇంజను ఇప్పటికీ ఒక్క పిలుపుకే పలుకుతుంది. వెనకద్దం చుట్టూ ఉన్న రబ్బరు మాత్రం ఎండి పగిలింది. వాన పడితే నీళ్లు ఆ అంచున దిగి, తిన్నగా వెనక సీట్లో ఉన్న మా రత్నమ్మ మెడ మీద పడతాయి. పోయిన ఆదివారం ఆమె కారులో గొడుగు వేసుకుని చర్చికి వచ్చింది. దిగుతూనే అందరి ముందూ అనింది: "నా మెడ తడవదని తేలేదాకా నేను దీంట్లో కూచోను."

ఈ నెలాఖరుకు మా పెండ్లయి పాతికేళ్లు. పులివెందులలో ఆమె అక్క జ్ఞానమ్మ ఇంటికి ఆమెను కారులో తీసుకుపోవాలని నా ఆశ. ఆమె ఎక్కని కారు నాకు ఒట్టి రేకు డబ్బా. నీ పనితనం నాకు తెలుసు. ఒక్కటే జాగ్రత్త, ఆ అద్దం పగిలితే మద్రాసులో కూడా మరొకటి దొరకదు.

ఇట్లు,
నీ మేలు కోరే దేవదానం

తా.క.: గొడుగును రత్నమ్మ తలుపు వెనక తగిలించింది. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా నాకు తగిలేటట్టుగా తగిలించింది.


ప్రొద్దుటూరు

మహారాజశ్రీ దేవదానం అయ్యవారికి మక్బూల్ సలాములు. అల్లా దయవల్ల అందరం బాగున్నాం, అద్దం కూడా బాగుంది.

పాత రబ్బరు మురుకుల్లా విరిగి చేతికొచ్చింది. కొత్తది మద్రాసు నుంచి తెప్పించాను. అబ్బ, ఏం కారు అయ్యవారూ. తుడుస్తూ తుడుస్తూ భోజనం మరిచిపోతున్నాను.

ఇక మంచి మాట. బీబీజాన్ ఒప్పుకుంది. శుక్రవారమైతే బాగుంటుందంది. ఆకూవక్కా, చేటెడు బియ్యం, రవికె గుడ్డ సిద్ధం చేశాను. అంత మెత్తటి చేయి ఈ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు. నా అదృష్టం.

మీ శిష్యుడు,
మక్బూల్

తా.క.: అంతా అయ్యాక మీ కారులో కూర్చోబెట్టి పులివెందుల దాకా తిప్పుతానని ఆమెకు మాటిచ్చాను. మీరు కాదనరని ధైర్యం.


జమ్మలమడుగు

నాయనా మక్బూల్,

నీ ఉత్తరం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. శుక్రవారం, ఆకూవక్కా, రవికె గుడ్డ, ఆపైన నా కారులో ఊరేగింపు. మా చిన్నాన్న కూడా ఇట్లాగే ఆకూవక్కతోనే మొదలుపెట్టాడు. తరువాత రెండిళ్లకూ కాకుండా పోయి మా అరుగు మీద పడుకునేవాడు.

పెద్దవాణ్ణి, ఇంతకన్నా విప్పి అడగలేను. ఇంట్లో హసీనా ఉంది కదా. రంజానుకు ఆమె పంపిన సేమియా తిన్న నోటితో అడుగుతున్నాను, ఆ ఇల్లాలు ఏమంటోంది?

దేవదానం

తా.క.: రత్నమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. అప్పటినుంచి నన్ను కూడా అదోలా చూస్తోంది.


ప్రొద్దుటూరు

అయ్యవారికి సలాములు.

హసీనాను గుర్తుపెట్టుకుని అడిగారు, మీ మంచితనం. బీబీజాన్‌ను ఇంటికి తెచ్చిందే హసీనా. "నీ చేతనయ్యేది కాదులే. ఆమెను పిలిస్తే సరి, లేకుంటే నీతో మాట్లాడ" అనింది. నిన్నటినుంచి ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటున్నారు, ఒకటే నవ్వులు.

వీధిలో ఆడవాళ్లంతా శుక్రవారం చూడ్డానికి వస్తారట. మీరూ అమ్మగారూ వస్తే నాకు ఇంకేం కావాలి.

మక్బూల్

తా.క.: ఇంతమంది వస్తున్నారు కదా అని హసీనా కొత్త చీర అడుగుతోంది.


జమ్మలమడుగు

మక్బూల్,

హసీనా పెద్దమనసుకు నాకు కండ్లనీళ్లు వచ్చాయి. అటువంటి ఇల్లాలిని నేను చూడలేదని పైకే అనేశాను. రత్నమ్మ విన్నది. "ఆ బిడ్డ అంత నవ్వుతాందంటే లోపల ఎంత ఏడుస్తాందో" అని, పాతికేళ్ల పండగకు దాచుకున్న పట్టుచీర సంచిలో పెట్టుకుని ఇప్పుడే ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఈ ఉత్తరం కూడా ఆ బస్సులోనే మనిషి చేత పంపుతున్నాను. ఆమె ముందు ఎట్లా నిలబడతావో నువ్వే చూసుకో. నా కారు మాత్రం ఆ పనికి వాడొద్దు.

దేవదానం

తా.క.: వినకుండా వాడితే హెడ్‌లైట్లకు పూలదండలు కట్టకు. గీతలు పడతాయి.


పులివెందుల

అయ్యవారి పాదాలకు మక్బూల్ నమస్కారం. ఊరి పేరు చూసి కంగారుపడొద్దు, అందరం క్షేమం.

శుక్రవారం పొద్దున అమ్మగారు మా వాకిట్లోకి వచ్చి, పట్టుచీర హసీనా చేతిలో పెట్టి, వాటేసుకుని ఏడ్చారు. ఎందుకో తెలియకపోయినా, చీర బాగుంది కాబట్టి హసీనా కూడా ఏడ్చింది. తరువాత అమ్మగారు నా వైపు తిరిగి "యాడుందా బీబీజాన్?" అని గద్దించారు. షెడ్డులోంచి బీబీజాన్ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నోట్లో రెండు పళ్లు మిగిలిన ముసలామె.

"గాజులవ్వా, నువ్వా?" అన్నారు అమ్మగారు.

మీ పెండ్లికి అమ్మగారి చేతులకు గాజులు తొడిగింది ఆమేనట. ఆడవాళ్లు ఆమెను గాజులవ్వ అనే పిలుస్తారు, బీబీజాన్ అన్న పేరు చాలామందికి తెలియదు. ఆకూవక్కా, బియ్యం, రవికె గుడ్డ గాజులు తొడిగిన చేతికి పెట్టేవే కదా. ఎంత బిగుతు గాజునైనా సబ్బు రాసి, పగలకుండా ఎక్కించే చేయి. నేను అదిమితే ఈ అద్దం కిర్రుమంది, నా ప్రాణం పోయింది. అందుకే ఆమెను బతిమాలుకున్నాను.

రబ్బరు గాడిలో దారం చుట్టాం. అవ్వ బయట నిలబడి అద్దాన్ని అదమాలి, వెనక సీట్లో ఒకరు కూర్చుని దారం లాగాలి, అప్పుడు రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది. హసీనా అప్పటికే కట్టుకున్న పట్టుచీర నలుగుతుందని ఎక్కనంది. అవ్వ అమ్మగారిని చూసి, "ఏం జూస్తాండావు? ఎక్కి దారం లాగు" అనింది. ఆమె మాటకు ఎదురు చెప్పే ఆడమనిషి ఈ మూడు ఊళ్లలో లేదు. అమ్మగారు ఎక్కి కూర్చున్నారు.

అవ్వ సబ్బు చేతులతో అదుముతూ, "బిగబట్టొద్దు తల్లీ, వొదులు, శానా సక్కని దానివి" అని అద్దాన్ని బుజ్జగించింది. చప్పుడు లేకుండా అది తన చోట కూర్చుంది. అంత అందమైన పని నా జన్మలో చూడలేదు. వంగి ఆమెకు సలాం చేశాను. "నీకు చేతులు లావు, బుద్ధి సన్నం" అనింది.

అవ్వకు ఇచ్చిన మాట ప్రకారం పులివెందులకు బయలుదేరబోతే, అమ్మగారు దిగలేదు. వీరపునాయునిపల్లె దగ్గర వాన కుమ్మేసింది. అమ్మగారు మెడ తడిమి చూసుకున్నారు. కాసేపాగి మళ్లీ చూసుకున్నారు. తరువాత అవ్వ భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. ఇప్పుడు జ్ఞానమ్మగారి ఇంట్లో అందరం ఉన్నాం.

మీ మక్బూల్

తా.క.: అమ్మగారు చెబుతుంటే రాస్తున్నాను. "పండగ ఈడనే జేసుకుందాం. ఆయన్ను బస్సులో రమ్మను. తలుపెనకాల నా గొడుగుంది, తెచ్చుకోమను. బస్సు కారుతాది."