విడి కంచం

వదినగారికి,

ఇక్కడంతా క్షేమమని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఐసులో చేపలు సర్దుతుంటే వేళ్లు పాలిపోయి మొద్దుబారుతున్నాయని మీ కోడలు హేమ చెబితే నాటకమన్నారు. ముఖం మీద ఎర్రమచ్చలు లేచేసరికి "అంటురోగం, బేరాలు పోతాయి" అని తట్ట ముట్టుకోనివ్వలేదు. కంచం, గ్లాసు విడిగా పెట్టారు.

పటమటలో డాక్టరుగారు పెద్ద పరీక్షే చేయించారు. గాజు పలక మీద మనిషి ఒంట్లో ఉండే ప్రోటీన్లను చుక్కలు చుక్కలుగా అద్ది, వాటి మీద హేమ రక్తంలోని సీరం వేశారట. రోగాల మీదికి పోవాల్సిన యాంటీబాడీలు పోయి ఆ చుక్కలకే అతుక్కున్నాయట. అంటే దాని ఒళ్లే దాని మీద తిరగబడింది. లూపస్ అంటారు, మందులున్నాయి. ఎవరికీ అంటదు వదినగారూ, ఎవరికీ!

నిన్న అన్నానికి పిలిస్తే కంచం పట్టుకుని పెరట్లోకి పోయి కూర్చుంది. కన్నతల్లి ఇంట్లో! ఆ అలవాటు ఎవరు నేర్పారు?

ఆదివారం దాన్ని తీసుకుని కంకిపాడు వస్తున్నాను. పులుసు మీరే వండండి. ఆ విడి కంచం పారేయకండి, అందులో నేను తింటాను. హేమ మీ పక్కన కూర్చుని మీ కంచంలో తింటుంది.

ఇట్లు,
హేమ తల్లి