కోళ్ల గూట్ల బల్బు

భూపాలపల్లి,
20 సెప్టెంబర్ 2011

ప్రియమైన స్వరూపక్కకు,

తమ్ముడు సాయి రాసేది. నువ్వు పంపిన మూట మన ఊరి వీరయ్య తెచ్చి ఇచ్చాడు. వంకాయ వరుగులు, చింతకాయ తొక్కు చూసి గదిలో నలుగురం కొట్టుకున్నంత పని చేశాం. తెలంగాణ కోసం సమ్మెకు దిగి వారమైంది. పర్మినెంటోళ్లూ, మా కాంట్రాక్టోళ్లూ అందరం గని బంద్ పెట్టాం. వాళ్లకు క్వార్టర్లున్నాయి. మాకు రేకుల గది, నీ తొక్కు. అయినా ఒక్క పెల్ల బొగ్గు బయటికి పోనివ్వం. "బొగ్గు బందైతె కరెంటు బందైతది, గప్పుడు ఎరుకైతది ఢిల్లీకి" అన్నాను మీటింగులో. చప్పట్లు కొట్టారు. పుట్టి బుద్ధెరిగి నా మాటకు చప్పట్లు పడటం అదే మొదలు.

కోడిపిల్లలు ఎట్లున్నాయి? గూట్లో నేను పెట్టిన బల్బు వెలుగుతోందా? వాటికి ఆ వెచ్చదనం ఉండాలి. ఆ మంద నిలబడితే ఈ ఏడు నువ్వు పత్తి ఏరడానికి గుంటూరు పోనక్కర లేదు. పోయినేడు అక్కడ నువ్వు నోరు తెరిస్తే చాలు, మన యాసకు ఆసామి ఇంట్లో పిల్లల దాకా నవ్వారన్నావు. నాకు ఇంకా కడుపు మండుతూనే ఉంది.

నీ తమ్ముడు,
సాయి

*

నెల్లికుదురు,
3 అక్టోబర్

ప్రియమైన తమ్మీ,

నీ ఉత్తరం పేపరు చదివినట్టే ఉంది. "నీ తమ్ముడు లీడరైండా ఏంది?" అంది పక్కింటి ఐలమ్మవ్వ. "తిండి లేని లీడరు" అన్నాను.

కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో. వచ్చినప్పుడు పిల్లలకు వెచ్చగా ఉంటుందని స్విచ్ వేసే ఉంచుతున్నాను. ఫోన్ చచ్చి పడుంది, అందుకే ఈ కాయితం.

ఊళ్లో కొక్కెర రోగం దిగింది. మెడలు తిప్పి, పచ్చగా పారి, కోళ్లు పడిపోతున్నాయి. మన వాడకు ఇంకా రాలేదు. రాకముందే అందరూ బాగున్నవాటిని కోస్తున్నారు. "కొయ్యి బిడ్డా, ఉప్పు పసుపు పెట్టి తునకలు ఎండబెట్టు. రోగమొచ్చి సస్తె నోట్లె పెట్టనీకె రాదు" అంటోంది అవ్వ. ఎండబెడితే చలికాలమంతా కూరకు ఢోకా లేదు. కానీ మంద పోతే గుడ్లు లేవు, పిల్లలు లేవు, మళ్లీ గుంటూరే. పశువుల దవాఖానలో టీకా ఉందట. సారు కూడా సమ్మెలోనే ఉన్నాడు, అయినా వచ్చి వేస్తానన్నాడు.

కోయనా, ఆగనా? నువ్వు చెప్పిందే చేస్తాను.

అక్క,
స్వరూప

*

భూపాలపల్లి,
5 అక్టోబర్

ప్రియమైన అక్కా,

కొయ్యకు. ఒక్కదాన్ని కూడా కొయ్యకు. భయపడి ఉన్నది కోసుకు తినే బతుకు ఇంకెన్నాళ్లు? ఇక్కడా కొందరు "పిల్లలు పస్తులున్నరు, పనికి దిగుదాం" అంటున్నారు. నేను దారికి అడ్డం పడుకున్నాను. నువ్వూ అట్లనే నిలబడు. టీకా వేయించు.

తొక్కు జాడీ అడుగు కనబడుతోంది. కనబడనీ.

నీ మొండి తమ్ముడు,
సాయి

*

నెల్లికుదురు,
14 అక్టోబర్

ప్రియమైన సాయికి,

టీకా వేయించాను. రెండు రోజులకే బచ్చన్నపేట నుంచి తెచ్చిన పెట్ట మెడ తిప్పింది. దాని వెనకే మిగతావి. సారు దగ్గరికి పోయాను. "మందు సల్లగుండాలె బిడ్డా. కరెంటు లేక ఫ్రిజ్ ఎన్నడో వెచ్చబడ్డది. ఉత్తగ ఉండేదాని కంటె నయమని ఏసిన" అన్నాడు. కరెంటు ఎందుకు లేదని నేను అడగలేదు. నువ్వు మీటింగులో అన్నది నాకు గుర్తుంది.

ఒక్కటీ మిగల్లేదు. పిల్లల్ని కొంగులో మోసుకుపోయి చేను గట్టు కింద సున్నం చల్లి పూడ్చాను.

రేపు గుంటూరు పోతున్నాను. మానుకోటలో రైళ్లు ఆపుతారట, అందుకని కూలీల మేస్త్రీ లారీ పెట్టాడు. నీ మీద కోపం లేదు. ఒక జాడీ తొక్కు అవ్వ దగ్గర దాచాను. తడి చెయ్యి పెట్టకు, బూజు పడుతుంది.

అక్క,
స్వరూప

*

నెల్లికుదురు,
23 అక్టోబర్

ప్రియమైన అక్కకు,

నువ్వున్న ఊరి పేరు ఎవరికీ తెలియదు. మేస్త్రీ వస్తే ఇవ్వమని ఇది అవ్వ చేతిలో పెడుతున్నాను.

గనిలో సమ్మె ఆగింది. తెలంగాణ రాలేదు. ఆపేటప్పుడు మమ్మల్ని ఎవడూ అడగలేదు. దారికి అడ్డం పడుకున్నవాణ్ని, అందరితోపాటు లేచి పనికి పోయాను. ఈ చేతులతోనే బొగ్గు ఎత్తాను.

"నువ్వు ఊ అంటె మీ అక్క కోసేది బిడ్డా. నేను ఉప్పు కూడ నూరి పెట్టిన" అంది అవ్వ.

పెరట్లోకి పోయాను. పట్టపగలు. గూటి తలుపు తెరిచే ఉంది. జాలీకి ఒక ఈక చిక్కుకుని ఉంది. స్విచ్ నువ్వు వేసే పోయావు అక్కా. కరెంటు వచ్చింది. ఖాళీ గూట్లో బల్బు వెలుగుతోంది. లోపల చెయ్యి పెట్టి చూశాను. పిల్లలకు సరిపోయేంత వెచ్చగా ఉంది.

ఆర్పడానికి చెయ్యి రాలేదు.

సాయి