ముప్పై మూడు ప్రార్థనల దూరం

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. ఫోను చేస్తానన్నావు, వద్దులే. ముప్పై ఏళ్ళు లాండ్రీ మెషీన్ల మధ్య నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నాను. ఉత్తరమైతే నీ మాట పూర్తిగా అందుతుంది.

పిచ్చుక తనంతట తానే "పార్కుకు వెళ్దామమ్మా" అందని రాశావు. వాళ్ళ నాన్న పోయాక ఈ ఏడాదిలో ఆ పిల్ల నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం ఇదే మొదలన్నావు. దేవుడి దయ. కారు ఎక్కదు, బస్సు ఎక్కదు. ఎనిమిదేళ్ళ పిల్ల బడికి ముప్పావుగంట నడుస్తోంది. రైలైతే పట్టాలు వదిలి పక్కకు పోదు కాబట్టి ఎక్కుతానంది. మా ఇంటి నుంచి పార్కుకు బస్సు తప్పదు. అందుకే నడిచిపోయేంత దగ్గరలో, మనకు అందుబాటు అద్దెలో హోటల్ చూడమన్నావు. చూశాను.

నీకు తెలిసిందే, ఇక్కడి హోటళ్ళ దుప్పట్లన్నీ మా లాండ్రీకే వస్తాయి. ఒకరివి ఒకరికి కలవకుండా ఒక్కో హోటల్ దుప్పటి మూలన ఒక్కో రంగు దారం కుడతాం. పేర్లు మాకు అక్కర్లేదు, దారంతోనే పిలుస్తాం. దుప్పటి చూస్తే హోటల్ గుట్టు తెలుస్తుంది.

నీలిదారం ఊసెత్తను. నిరుడు మీకు చూసిపెట్టింది అదే.

పసుపుదారం పార్కు వెనక గేటు వైపు ఉంది. గది చిన్నది, అద్దె పెద్దది. దుప్పట్లకు సిగరెట్ వాసన పోదు, మేం రెండుసార్లు ఉతికినా. నడక నా లెక్కలో ఇరవై ప్రార్థనలు.

ఎర్రదారం పార్కు పెద్ద గేటుకు ఎదురు వీధిలో, రైలు స్టేషన్‌కు ఆనుకుని ఉంది. అద్దె అందులో సగం. మూడంతస్తుల పాత ఇల్లు, ఒక ఆవిడా ఆవిడ కోడలూ నడుపుతారు. దుప్పట్లకు అతుకులుంటాయి కానీ మరక ఉండదు. మంచం కింద వంగి చూస్తుంటే ఆవిడ, "గది చూడ్డానికి వచ్చారా, పెళ్ళిచూపులకి వచ్చారా?" అంది. "మంచం పైది మేం ఉతుకుతాం, కిందది మీరు ఊడవాలి కదమ్మా" అన్నాను. నవ్వింది. మంచి మనిషి. కానీ పార్కు గేటు నుంచి నడిచి చూశాను, ముప్పై మూడు ప్రార్థనలు పట్టింది. పిల్ల అంత దూరం నడవలేదు.

పసుపుదారమే తీసుకో. లేదంటే ఈ ఏడాదికి మానుకున్నా తప్పులేదు. పార్కు ఎక్కడికీ పోదు.

మీ ఇద్దరి కోసం రోజూ వేడుకుంటున్నాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. మంచం కింద దూరిన నిన్ను ఊహించుకున్నాను. నవ్వాక లెక్క దగ్గర ఆగిపోయాను.

ముప్పై మూడేమిటక్కా?

పార్కువాళ్ళ మ్యాపు నా ముందే ఉంది. నిరుడు నీలిదారంలో ఇచ్చినదే, సంచిలో ఉండిపోయింది. నీ ఎర్రదారం వీధి నుంచి పెద్ద గేటుకు అర కిలోమీటరు కూడా లేదు. పసుపుదారం దానికి రెట్టింపు దూరం. మరి దగ్గరిది ముప్పై మూడూ, దూరంది ఇరవయ్యీ ఎలా అయ్యాయి?

నీ ప్రార్థనలతో పెరిగినదాన్ని నేను. మనింట్లో గడియారం ఎవరు చూశారు? గుడ్డు ఉడకడానికి పన్నెండు. నా జడ వెయ్యడానికి ఏడు, నేను కదిలితే తొమ్మిది, ఒక మొట్టికాయ అదనం. బడికి ఇరవై రెండు. అమ్మ నేర్పిన ఆ నాలుగు వాక్యాలు నువ్వు ఎండలోనూ వానలోనూ ఒకే వేగంతో చదివేదానివి. ముప్పై మూడు ప్రార్థనల్లో నేను బడికి వెళ్ళి, మర్చిపోయిన పలక కోసం సగం దారి వెనక్కి కూడా వచ్చేదాన్ని. నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడూ తప్పలేదనే నా భయం. దారిలో ఎక్కడో నువ్వు చాలాసేపు నిలబడిపోయావు.

ఎక్కడో నాకు తెలుసు. ఆ వీధికీ గేటుకీ మధ్య ఉన్నది ఆ కూడలే కదా.

నాకు మాత్రం భయం లేదా? వీధిలో లారీ హారన్ వినిపిస్తే చేతిలో గిన్నె జారిపోతుంది. కానీ పిచ్చుక మొదటిసారి అడిగింది. వద్దంటే మళ్ళీ ఎప్పుడు నోరు తెరుస్తుందో తెలియదు. బడిలో టీచరమ్మ కూడా అదే అంది, "అడిగినప్పుడే తీసుకెళ్ళండి" అని. సెలవులు ఇంకో మూడు వారాలే.

నువ్వే వచ్చి మాతో నడవాలి. అది కూడా అడిగింది, "పెద్దమ్మ వస్తుందిగా?" అని నాలుగుసార్లు.

దీంతో ఒక బొమ్మ పంపుతున్నాను. పిచ్చుక వేసింది. ఈ నెలలో ఇలాంటివి ఇరవై దాకా వేసింది, అన్నీ ఒకటే. గేటు, గేటు ముందు పొడుగ్గా ఒక మనిషి, ఎత్తిన చెయ్యి. ఆ చెయ్యి చూడు, మనిషి కంటే పెద్దది. నువ్వేననుకుంటా, చేతిసంచి నీదే. ఎందుకు వేస్తున్నావంటే చెప్పదు.

ఏ హోటలో త్వరగా రాయి.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

రావద్దు. సెలవుల్లో నేనే అక్కడికి వస్తాను, గుమ్మం బయట నిలబడి నిన్ను చూసి వెళ్ళిపోతాను. పిల్లను మాత్రం నా ఎదుటికి తేవద్దు.

ఇంతే రాసి కవరు అంటించాను. మళ్ళీ విప్పాను. నీకు అబద్ధం రాయలేను, సగం నిజమూ రాయలేను.

నువ్వు చెప్పింది నిజం. గేటు నుంచి కూడలి దాకా మూడు ప్రార్థనలు. అక్కడ నిలబడ్డాను. సిగ్నల్ మారుతోంది, జనం దాటుతున్నారు, నా కాళ్ళు మాత్రం కదల్లేదు. ఎవరో చెయ్యి పట్టుకుని, "దాటిస్తానండీ, కళ్ళు కనబడవా?" అన్నారు. కనబడకపోతే బాగుండేది. అలా ఇరవై నాలుగు ప్రార్థనలు. నీకు రాసేటప్పుడు వాటిని తీసెయ్యలేదు. నా కాళ్ళకు అది అంత దూరమే.

ఆ బొమ్మను బీరువాలో దుప్పటి మడతల మధ్య పెట్టాను. అయినా కనిపిస్తూనే ఉంది.

నిరుడు ఆ ఉదయం నేను టికెట్లు ముందే కొని గేటు దగ్గర మీకోసం నిలబడ్డాను. నీలిదారంలో దుప్పట్లు బాగుంటాయని, అద్దె తక్కువని మిమ్మల్ని నాలుగు కిలోమీటర్ల అవతల పెట్టింది నేనే. అంత దూరమని మీ ఆయన అద్దెకారు తీసుకున్నాడు. కూడలికి అవతల మీ కారు కనిపించింది. పిచ్చుక కిటికీలోంచి తల బయటపెట్టింది. నేను చెయ్యి ఎత్తి ఊపాను. మీ ఆయన తల తిప్పి నావైపు చూసి నవ్వాడు. ఆ తర్వాత లారీ.

డ్రైవింగ్‌లో ఉన్న మనిషికి నేను చెయ్యి ఊపాను.

ఏడాదిగా ఈ మాట దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన విన్నాడు, ఏమీ అనలేదు. పిచ్చుక అంటుందని నా భయం. ఆ పిల్ల చూసింది. చెయ్యి అంత పెద్దదిగా గుర్తుంది. పార్కు కోసం కాదు, నన్ను నిలదీయడానికి వస్తోంది. నేను ఎన్నో చూశాను, ఆ పిల్ల కళ్ళలోకి మాత్రం చూడలేను.

నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు. రాకుండా ఉంటే చాలు.

అక్క

*

అక్కా,

ప్రియమైన అనే మాట రాయడానికి కూడా ఓపిక లేకుండా మొదలుపెడుతున్నాను. నాలుగుసార్లు చించేసి రాస్తున్నది ఇది.

నీ ఉత్తరం చదువుతూ వంటింట్లోనే నేలమీద కూర్చుండిపోయాను. అన్నం మాడింది. వాసనకి పిచ్చుక వచ్చింది. నా చేతిలో ఉత్తరం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "పెద్దమ్మకి నా మీద కోపం పోలేదా?" అంది.

"కోపమేంటే?" అన్నాను.

"ఆ రోజు నేనే కదా అరిచింది. నాన్నా, పెద్దమ్మ, అటు చూడు అని. పెద్దమ్మ చెయ్యెత్తి ఆగు ఆగు అంది. నేను వినలేదు."

అక్కా, విన్నావా? అది ఏడాదిగా ఆ చేతిని 'ఆగు' అనుకుంటోంది. నువ్వు కారును ఆపబోయావనీ, తను అరిచి వాళ్ళ నాన్న చూపు మళ్ళించిందనీ అనుకుంటోంది. పార్కు అడిగింది నిన్ను క్షమించమని అడగడానికి. నడిచే వస్తానన్నది దారిలో ఇంకెవరికీ ఏమీ కాకూడదని. కడుపులో ఇంత పెట్టుకుని అన్నం ఎలా తిందో, నేను పక్కనే ఉండి ఎలా చూడలేదో.

ఇక నేను చెప్పాల్సింది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఆస్పత్రిలో నా మంచం పక్కన నెల రోజులు కూర్చున్నావు, ఆ ఉదయం గురించి ఒక్క మాట అడగలేదు. నా బాధ కదపకూడదని అనుకున్నావనుకున్నాను. చిన్నప్పటి నుంచీ మనం ఇంతే, ఒకరి గాయం ఒకరం చూడకుండా కట్టుకట్టుకుంటాం.

నేను ముందు సీట్లో, మా ఆయన పక్కనే ఉన్నాను. అతను నీవైపు చూసి నవ్వినప్పుడు మా కారు ఆగి ఉందక్కా. ఎర్ర సిగ్నల్. హ్యాండ్ బ్రేకు కూడా వేశాడు. పిచ్చుక అరిచింది, నువ్వు చెయ్యి ఊపావు. అతను నవ్వి, "మీ అక్కను చూడు, దేవుడిని తనే లేపి వచ్చినట్టుంది" అన్నాడు. నేను అతని మోచేతిమీద కొట్టాను. ఆ తర్వాత పిచ్చుకను తల లోపల పెట్టుకోమన్నాడు. కిటికీ అద్దం ఎక్కించాడు. సిగ్నల్ పచ్చబడింది. రెండు వైపులా చూశాడు. నేను కూడా చూశాను. అప్పుడు కదిలాం. లారీ ఎర్ర సిగ్నల్ దాటుకుని వచ్చింది. బ్రేకులు పట్టలేదని లారీవాడే ఒప్పుకున్నాడు, కాగితాల్లో ఉంది.

నీకు ఆ నవ్వూ ఆ లారీ పక్కపక్కన గుర్తున్నాయి. మధ్యలో అంత సేపు ఉంది. నీ లెక్కలో చెప్పాలంటే ఒక ప్రార్థన పూర్తిగా అయ్యేంత.

ఇదంతా పిచ్చుకకు చెప్పాను. విన్నది. తల ఊపింది. నమ్మలేదు. "పెద్దమ్మ చెప్తే నమ్ముతా, పెద్దమ్మ అబద్ధం ఆడదు" అంది. నేను ఆడతానట. నిజమే, సూది గుచ్చినా నొప్పుండదని మూడుసార్లు చెప్పాను.

హోటల్ నువ్వే చూడాలి. ఇంకెవరు చూసినా నాకు నిద్రపట్టదు. నీలిదారం నువ్వు చూసినందుకు నేను ఒక్క రోజు కూడా నిన్ను తప్పుపట్టలేదు. ఆ వారం అంతా మేం హాయిగా నిద్రపోయింది ఆ దుప్పట్లలోనే.

వచ్చే గురువారానికి రైలు టికెట్లు తీసుకున్నాను. నువ్వు వద్దన్నా వస్తాం.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి, బంగారు పిచ్చుకకు,

ఉత్తరం శుక్రవారం అందింది. శనివారం సెలవు పెట్టాను. నీ ఆస్పత్రి నెల తప్పితే పదకొండేళ్ళలో ఇదే మొదటి సెలవు. ఇస్త్రీ దగ్గరి ఆవిడ, "ఒంట్లో బాగాలేదా, లేక బాగైపోయిందా?" అంది. తెలియదన్నాను.

ఎర్రదారం నుంచి గేటుకు నడిచాను. ఈసారి ఆ వైపు నుంచి, మీరు నడవబోయే వైపు నుంచి. కూడలి దగ్గర ఆగాను. భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. లారీలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కానీ నువ్వు రాసినట్టు చేసి చూశాను. సిగ్నల్ ఎర్రగా ఉన్నప్పుడు ప్రార్థన మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలూ అయ్యాయి. అప్పటికి ఇంకా పచ్చబడలేదు. అంత సేపు ఉంది, చెల్లీ. ఏడాదిగా నేను దాన్ని వదిలేశాను.

పచ్చబడ్డాక రెండు వైపులా చూశాను. దాటాను. మొత్తం పది ప్రార్థనలు, సిగ్నల్ దగ్గరిది కూడా కలుపుకుని.

ఎర్రదారంలో గది చెప్పాను. ఆవిడ రెండు చూపించింది. ఒకటి కూడలి వైపు, ఒకటి పెరటి వైపు. రెండూ గురువారం సాయంత్రం దాకా ఉంచమన్నాను. ఏది కావాలో పిచ్చుక చెబుతుంది. మీ దుప్పట్లు నేనే ఉడికించి ఇస్త్రీ చేసి పంపుతున్నాను. మూలన ఎర్రదారం పక్కన చిన్న పిట్ట కుట్టాను. అంత బాగా రాలేదు, కోడిలా ఉంది.

పిచ్చుకా, కింది మాటలు నువ్వే చదువుకో. చదవడం కష్టమైతే అమ్మను అడుగు.

ఆ రోజు నేను ఆగమనలేదు తల్లీ. నిన్ను చూసిన సంతోషంలో చెయ్యి ఊపాను. నువ్వూ అందుకే అరిచావు. కారు అప్పుడు ఆగి ఉంది. అమ్మ చెప్పింది నిజం. నాకు నీ మీద ఎప్పుడూ కోపం లేదు. నీకు నా మీద కోపం ఉందేమోనని నేను ఏడాదంతా భయపడ్డాను. ఇద్దరం ఒకేలాంటి వెర్రివాళ్ళం.

మీకు భయమేస్తే వెనక్కి వెళ్ళిపోదాం. పార్కు చూడకపోయినా ఫరవాలేదు. గేటు ముట్టుకుని వచ్చినా చాలు.

గురువారం మీ రైలు పదిన్నరకు. ఈసారి నేను గేటు దగ్గర ఉండను. రైలు పెట్టె దిగే మెట్టు దగ్గర ఉంటాను. చెయ్యి ఊపను. పట్టుకుంటాను.

నీ అక్క, నీ పెద్దమ్మ