కొండ మీది గుడి

విశాఖపట్నం

అమ్మా, వందనాలు. అందరం బాగున్నాం. దీవెన సముద్రం వదిలి రానంటోంది.

నీ కంటి ఆపరేషన్ కోసం హార్బరు కొండ మీది చర్చిలో ప్రార్థన చేయమన్నావు కదా. ఆటో అతనితో నీలాగే అలవాటు కొద్దీ, "కొండ మీది గుడికి పోవాలన్నా" అన్నాను. తీసుకెళ్లి సింహాచలం కొండ కింద దింపాడు! "చర్చి అని చెప్పొచ్చు కదండీ" అని నవ్వాడు. "మా అమ్మమ్మ గుడే అంటది!" అని దీవెన కొట్లాటకు దిగింది. మళ్లీ ఊరంతా దాటి వెళ్లేసరికి చర్చి తలుపులు మూసేశారు. మెట్ల మీదే మోకరించాం.

చుక్కల మందు మానకు. పొయ్యి దగ్గరికి పోకు. నాచారంలో మా కరివేపాకు చెట్టుకు జర నీళ్లు పోయించు.

కట్టు విప్పేదాకా ఈ కార్డు నీకియ్యొద్దని తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను. ఇది నువ్వే చదువుతున్నావంటే, మెట్ల మీది ప్రార్థన కూడా దేవుడు విన్నట్టే.

నీ దోర్కా