సూర్యుడిలో లేని క్షేత్రం

మంగళవారం, కోదాడ.

సూర్యుడి మీది కార్బన్ అణువుల కాంతిలో ఉండవలసినంత ధ్రువణం, అంటే తరంగాలు ఒకే దిశలో ఊగే గుణం, ఉండదు. ఆ తగ్గుదలకు కారణం కంటికి అందని అయస్కాంత క్షేత్రమేనన్న మాట మీదే నా థీసిస్ మొత్తం నిలబెట్టాను. ఈరోజు కంప్యూటర్ నమూనాలో చుట్టుపక్కల పరమాణువుల తాకిడిని కూడా కలిపి చూశాను. తగ్గుదల అంతా తాకిడితోనే సరిపోయింది. క్షేత్రానికి ఏమీ మిగలలేదు.

"ఏంరా, మొహం గట్ల పెట్టినవ్? నీ సూర్యుడు గిట సల్లబడ్డడా?" అంది అక్క, అన్నం వడ్డిస్తూ.

"ఇన్నేండ్ల లెక్క తప్పయింది అక్కా. మా గైడు సారు నిన్ననే థీసిస్ మీద సంతకం పెట్టిండు."

"చెప్పకుంటే ఎవలకన్న తెలుస్తదా?"

"ఇప్పుడైతే తెల్వది."

"గట్లయితే ఊకో. పట్టా తెచ్చుకో."

మధ్యాహ్నం నుంచి నేనూ అదే అనుకుంటున్నాను. అదే మాట ఆమె నోట వింటే భరించలేకపోయాను. లేచి సారుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తనందుకు నాకు హాయిగా అనిపించింది.